అర్బుదమనగా ఎంత?

(టెంఘరు, భివండీ: మాస్టారు స్మారకోపన్యాసము)



ఏ మహనీయుని స్మరణార్థము మనమీనాడు ఇచ్చట సమావేశమైతిమో, ఆయన పేరు ఆహ్వానపత్రికపై లేదు. తన పేరు ఏ శిలాఫలకముమీదను చెక్కవలదనియు, ఏ పుస్తకమునందును అచ్చువేయవలదనియు ఆయన కడపటి దినములలో శిష్యులచేత మాట తీసికొనిరి. ఆ మాటను నిలుపుటకే మీరు ఈ నిధికి ‘మాస్టారు నిధి’ అని మాత్రమే పేరు పెట్టితిరి. నేనును ఆ మర్యాదనే పాటింతును. కరీంనగరు జిల్లాలోని ఒక పల్లెనుండి, మనలో పెక్కుమంది తాతతండ్రులు వచ్చిన త్రోవనే భివండీకి వచ్చి, పగలు తెలుగు బడిలో లెక్కలు చెప్పి, సాయంకాలము ఈ టెంఘరులోని ఒక రేకుల గదిలో, కండెలు చుట్టి చుట్టి వ్రేళ్ళు కాయలుగట్టిన పిల్లలను కూర్చుండబెట్టుకొని, ఎవరియొద్దను ఒక్క రూపాయియైనను పుచ్చుకొనక, ముప్పదియేండ్లు అంకెలు నేర్పిన మనిషి ఆయన. ఆ గదిలో కూర్చున్నవారిలో నేనొకడను. తరువాత భౌతికశాస్త్రము చదివితిని, దానినే బోధించి బ్రదికితిని; కాని కొలత యనగా నేమియో నాకు తెలిసినది ఏ విశ్వవిద్యాలయమునందును గాదు, ఆ రేకుల క్రిందనే.

కాబట్టి నేటి విషయముగా మిక్కిలి పెద్ద రాశులకును, మిక్కిలి చిన్న రాశులకును లోకమంతయు వాడుచున్న మెట్రిక్ ఉపసర్గలను, అనగా కిలో, మెగా, గిగా, మిల్లీ, మైక్రో, నానో మొదలగువానిని ఎన్నుకొంటిని. ఈ మాటలు మీకు క్రొత్తవి గావు. సంతలో కిలో టమాటాలు కొనని ఇల్లు లేదు. దినమునకు ఒకటిన్నర జీబీ చొప్పున వేయించుకొనని ఫోను ఈ సభలో లేదు. ఇంతగా నోట నానిన ఈ చిన్న మాటల వెనుక ఏమున్నదో చెప్పుటయే నా పని. నా ప్రతిపాదన యొక్కటే: పెద్ద సంఖ్యకు పేరు పెట్టుట పాండిత్యము, ఆ పేరునకు అందఱును ఒక్క విలువనే ఇత్తుమని కూర్చుండి ఒప్పుకొనుట నాగరికత, మొదటిది మనకు పుష్కలముగా నుండెను, రెండవది మనము తరువాత నేర్చుకొంటిమి, ఇంకను నేర్చుకొనవలసియున్నది. పక్క వీధిలో సాంచలు, అనగా మరమగ్గములు, ఆగలేదు గనుక నా గొంతు వెనుక వరుసలకు వినబడనిచో దయచేసి చేయెత్తుడు.

1

ఆ గదిలో బల్లమీద మాస్టారు ఒకనాడు రెండు నూలు కోనులు ఉంచిరి. ఒకటి పత్తినూలు, దాని అట్టగొట్టములోని చీటిమీద 40 అని యున్నది. రెండవది పాలియెస్టరు, దానిమీద 150. “ఏది లావురా?” అని యడిగిరి. నేను 150 అని అరచితిని. నా ప్రక్కన కూర్చున్న పిల్లవాడు, వాని తండ్రి సోలాపురములో మగ్గము నేసినవాడు, “కాదు సార్, నలభైయే లావు; నంబరు పెరిగిన కొద్దీ నూలు సన్నమైతది” అనెను. మాస్టారు ఔననలేదు, కాదనలేదు. రెండు కోనులనుండి మూరెడేసి పోగు తీసి, నల్లని పలకమీద ప్రక్కప్రక్కన పఱచి, దీపము దగ్గఱకు జరిపిరి. మేము తలలు దగ్గఱ చేర్చి చూచితిమి. రెండును ఇంచుమించు ఒక్క తీరుగనే యున్నవి.

ఆ రాత్రి ఆయన చెప్పినది ఇది. పత్తినూలు నంబరు ఇంగ్లండులో పుట్టినది: 840 గజముల చిలపలు ఎన్ని చేర్చిన ఒక పౌను తూగునో అంత నంబరు. నలువది చిలపలు ఒక్క పౌనుకు వచ్చినచో నలువదవ నంబరు. సన్నమైన కొలది చిలపలు ఎక్కువ పట్టును, నంబరు పెరుగును. డెనియరు వేఱు వంశము: తొమ్మిదివేల మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగునో అన్ని డెనియర్లు, లావైన కొలది నంబరు పెరుగును. మన టెంఘరునుండి కల్యాణు రోడ్డు పట్టుకొని తొమ్మిది కిలోమీటర్లు పోయినంత పొడవున ఒక్క పోగును పఱచి, దానిని మరల చుట్టి తూచినచో 150 గ్రాములు వచ్చినది. అదియే మా బల్లమీది కోను. ఒకటి పైకి లెక్కించును, ఒకటి క్రిందికి లెక్కించును. ఒకటి గజములలో పౌనులలో, ఒకటి మీటర్లలో గ్రాములలో. ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన పెట్టి ఏది పెద్దదని యడుగుట అర్థములేని ప్రశ్న. నేనును ఓడితిని, నా ప్రక్కవాడును ఓడెను.

అప్పుడాయన సుద్దముక్క తీసికొని మూడవ కొలత వ్రాసిరి. టెక్స్: వేయి మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగునో అన్ని టెక్సులు. ఆ లెక్కలో నలువదవ నంబరు పత్తినూలు 14.8, నూటయేబది డెనియరు 16.7. కన్ను చెప్పినదే అంకె చెప్పినది. పాలియెస్టరు రవంత లావు, అంతే. ఆ తరువాత ఆయన టెక్స్ అను మాటకు ముందు చిన్న చిన్న మాటలు తగిలించుచు పోయిరి: వడకుటకు ముందున్న లావుపాటి దూదిత్రాటికి కిలోటెక్స్, సాంచపై నేయు సన్నని ఫిలమెంటు నూలుకు డెసిటెక్స్, కంటికి ఆనని ఒంటి దూదిపోచకు మిల్లీటెక్స్. దూదిత్రాటి మొదలు దూదిపోచ దాక ఒక్కటే కొలత, ముందున్న మాట మాత్రమే మారినది. ఉపసర్గ యొక్క శక్తిని నేను మొట్టమొదట చూచినది ఆ పలకమీద.

2

ఇక పెద్ద సంఖ్యల పేర్లకు వత్తము. ఈ విషయమున మన జాతి ఎవరికిని తీసిపోలేదు. తొమ్మిదవ శతాబ్దమున రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమువాడగు మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహమున ఏకము మొదలు మహాక్షోభము వఱకు ఇరువదినాలుగు స్థానములకు పేర్లు చెప్పెను. ఆ గ్రంథమును తెనుగు పద్యములలోనికి తెచ్చిన పావులూరి మల్లన, ఆయన రాజరాజనరేంద్రుని సమకాలికుడని కొందఱును, ఆ మల్లన మనుమడని కొందఱును వాదింతురు, ఆ వాదము మనకిప్పుడు పని లేదు, స్థానములను ముప్పదియాఱు వఱకు పెంచెను. ముప్పదియాఱవ స్థానమనగా ఒకటి ప్రక్కన ముప్పదియైదు సున్నలు. లోకమందలి శాస్త్రజ్ఞులందఱును కూడి నేటికి పేరు పెట్టిన మిక్కిలి పెద్ద ఉపసర్గ క్వెట్టా. దానికి సున్నలు ముప్పదియే. తెనుగున లెక్కల పుస్తకము పుట్టిన తొలినాళ్ళలోనే మన కవి దానికంటె లక్ష రెట్లు దూరము నడచెను. ఇది మనము గర్వింపదగిన సంగతి. నేను గర్వించుచునే యున్నాను.

అయితే మాస్టారు ఈ పట్టిక మాచేత వల్లె వేయించిన దినముననే ఒక చిక్కు ప్రశ్న వేసిరి. “అర్బుదమనగా ఎంత?” మహావీరుని వరుసలో శతకోటి తరువాతిది అర్బుదము, అనగా ఒకటి ప్రక్కన పది సున్నలు, వేయి కోట్లు. ఆర్యభటుని వరుసలోను, భాస్కరుని లీలావతిలోను అర్బుదమునకు ఎనిమిదే సున్నలు, పది కోట్లు. యజుర్వేదమునందలి వరుసలో అయుతము, నియుతము, ప్రయుతము దాటి వచ్చు అర్బుదమునకు ఏడు సున్నలు. అనగా మన కోటియే. మువ్వురును మహానుభావులు, మువ్వురి మాటయు ప్రమాణమే, మువ్వురి అర్బుదములును వేఱు.

దీనివలన నష్టమేమి యని మీరడుగవచ్చును. మన యూరి నీళ్ళతోనే లెక్క వేసి చూపుదును. షహాడు వద్ద ఉల్హాసు నదినుండి నీరు తోడి, టెంఘరులో శుద్ధిచేసి, భివండీకిని ఠాణేకును మీరా-భయందరుకును పంపు పథకము పేరులోనే మన టెంఘరు కలదు. ఆ నీటిని లెక్కించు కొలత మీరు పత్రికలలో నిత్యము చూచు ఎం.ఎల్.డి.: దినమునకు ఇన్ని పదిలక్షల లీటర్లు. ఒక ఎం.ఎల్.డి. యనగా దినమునకు ఒక మెగాలీటరు. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, పది మీటర్ల లోతు గల తొట్టిని ఊహింపుడు. మూడంతస్తుల మేడ యెత్తు. అది నిండిన ఒక మెగాలీటరు. మిల్లీలీటరుకు ఇరువది చుక్కల చొప్పున ఆ తొట్టిలో రెండువేల కోట్ల చుక్కలు పట్టును. ఇప్పుడు చెప్పుడు, ఇవి ఎన్ని అర్బుదములు? మహావీరుడు రెండు అనును. భాస్కరుడు రెండువందలు అనును. వేదపండితుడు రెండువేలు అనును. కుళాయి వద్ద బిందె పట్టుకొని నిలుచున్న ఇల్లాలికి ఈ మువ్వురిలో ఎవరి మాట నమ్మి నీళ్ళు వదలవలయును?

మల్లనగారి వరుసలో పొరపాటు లేదు; దానియందు ఆయన మేధ కలదు. లేనిదేమన, ఆ వరుసను కాశీవాడు, కంచివాడు, ఉజ్జయినివాడు ఒకచోట గూడి ‘ఇదే మనందఱిదియు’ అని సంతకము చేసిన కాగితము. ఆ కాగితము ఎట్లు పుట్టినదో ఇక చెప్పుదును.

3

1795లో విప్లవానంతర ఫ్రాన్సు చట్టము చేసి మీటరు, గ్రాము, లీటరు అను మూలమానములకు ముందు తగిలించుటకు కొన్ని మాటలను నిర్ణయించెను. పెద్దవానికి గ్రీకు మాటలు: డెకా, హెక్టో, కిలో, మిరియా. చిన్నవానికి లాటిను మాటలు: డెసి, సెంటి, మిల్లి. పైకి పోవుటకొక భాష, క్రిందికి దిగుటకొక భాష. వినగానే దిక్కు తెలియవలెనని వారి యుద్దేశము. 1873లో బ్రిటిషు శాస్త్రపరిషత్తు మెగాను, మైక్రోను చేర్చినది. 1875 మే 20న పారిసులో పదునేడు దేశములు మీటరు ఒడంబడికపై సంతకము చేసినవి. నేను అడుగుచున్న కాగితము ఇదే. మన దేశమును 1957లో ఆ ఒడంబడికలో చేరినది.

ఆ ఒడంబడిక క్రింద జరుగు మహాసభ 1960లో పికో మొదలు టెరా వఱకు గల ఉపసర్గలను స్థిరపఱచినది. పాతబడిన మిరియాను పట్టికలో చేర్చుకొనలేదు. 1964లో ఫెమ్టో, ఆట్టో వచ్చినవి. ఇవి డేనిషు భాషలో పదునైదునకును పదునెనిమిదికిని ఉన్న పేర్లనుండి తీసినవి. 1975లో పేటా, ఎక్సా. 1991లో జెట్టా, యొట్టా, జెప్టో, యొక్టో. 2022 నవంబరు 18న వెర్సాయిలో రొన్నా, క్వెట్టా, రొంటో, క్వెక్టో. ఈ కడపటి నాల్గింటిని ప్రతిపాదించినవాడు బ్రిటిషు జాతీయ భౌతిక ప్రయోగశాలకు చెందిన రిచర్డు బ్రౌను. కంప్యూటరులలో దాచు సమాచారరాశి యొట్టాను సమీపించుచుండగా, ఎవరికి తోచిన పేరు వారు ‘బ్రాంటో’ యనియు ‘హెల్లా’ యనియు పెట్టుకొనసాగిరి. అనగా అర్బుదము కథ మరల మొదలగుచున్నదన్నమాట. అది ముదురకముందే మహాసభ కూర్చుండి అందఱికిని ఒక పేరు ఇచ్చినది. నేను నా ప్రతిపాదనకు ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యము చూపలేను.

ఇప్పుడు ఉపసర్గలు మొత్తము ఇరువదినాలుగు. పెద్దవి పండ్రెండు, చిన్నవి పండ్రెండు. వ్యాకరణము తెలిసిన పెద్దలు సభలో నున్నారు గనుక ఒక మాట. సంస్కృతమున ఉపసర్గలు ఇరువదిరెండని మనము చదువుకొంటిమి. హార మను మాటకు ముందు ‘ఆ’ చేరిన ఆహారము, ‘వి’ చేరిన విహారము, ‘సం’ చేరిన సంహారము. ధాతువు ఒక్కటే, అర్థము మాత్రము ఎచ్చటికో పోవును. మెట్రిక్ ఉపసర్గయు అట్టిదే. వాటు అను ధాతువునకు కిలో చేరిన మన సాంచ మోటారు, మెగా చేరిన ఊరి విద్యుత్తు, మిల్లీ చేరిన చిన్న దీపపు గింజ. కాని ఒక్క భేదము కలదు. సంస్కృతమున ఉపసర్గలను ఒకదానిపై నొకటి పేర్చవచ్చును. సమభివ్యాహార మను మాటలో నాలుగు ఉన్నవి. మెట్రిక్ వ్యాకరణము దీనిని నిషేధించినది. నా గురువుల కాలపు రేడియో పుస్తకములలో ‘మైక్రోమైక్రోఫారడు’ అని వ్రాసెడివారు, ఇప్పుడది పికోఫారడు. ఒక మానమునకు ఒకే ఉపసర్గ. అపవాద మొక్కటి మిగిలినది: మూలమానమగు కిలోగ్రాముకు పుట్టుకతోనే ఉపసర్గ యున్నది, అందుచేత దానిని ముట్టక గ్రాముకే ఉపసర్గలు తగిలింతురు.

పేర్లు వినుట వేఱు, వాని పరిమాణము మనసునకెక్కుట వేఱు. మాస్టారు దీనికి సాంచనే సాధనముగా చేసికొనెడివారు. నిమిషమునకు నూటయిరువది పిక్కులు, అనగా అడ్డపోగులు, వేయు ఒక్క సాంచను తీసికొందము. పండ్రెండు గంటల పాళీలో 86,400 పిక్కులు. ఒక దినమునందలి సెకనులెన్నియో సరిగా అన్ని. ఏడాదికి మున్నూరు దినములు నడచినదనుకొనుడు: రెండుకోట్ల యేబదితొమ్మిది లక్షల యిరువదివేలు. అనగా ఇరువదియాఱు మెగా పిక్కులు. పదునెనిమిదియేండ్ల వయసున ఆ సాంచ ముందు నిలిచినవాడు ఏబదియెనిమిదియేండ్లకు దిగినచో, ఆ నలువదియేండ్లలో ఆ నాడె అటునిటు పోయిన సార్లు నూటమూడు కోట్లు దాటును. అది ఒక గిగా. టెంఘరు గల్లీలలో గిగా పిక్కులు నేసిన చేతులు ఎన్నో కలవు. ఈ సభలోనే కొన్ని యున్నవి. ఒక్కని జీవితము గిగా. లక్ష సాంచలు ఒక్క యేడు నడచిన రెండున్నర టెరా. టెరా యనగా పత్రికలవారు బడ్జెట్టు నాడు వ్రాయు ‘లక్ష కోట్లు’ తప్ప మఱొకటి గాదు. ఆ పైది పేటా, దానికి మన సాంచలు చాలవు, ఆకాశమును చూడవలయును. భూమి బరువు గ్రాములలో ఆఱు రొన్నా; గురుగ్రహము రెండు క్వెట్టాకు కొంచెము తక్కువ.

4

చిన్నవాని సంగతి నాకు మఱింత ప్రియమైనది. కొంత తీరికగా చెప్పనిండు.

మన పూర్వులు పైకి పోవునప్పుడు పదింటితో హెచ్చించుచు పోయిరి. క్రిందికి దిగునప్పుడు ఆ మార్గమున దిగలేదు. నాలుగింటితో భాగించుచు దిగిరి. ఒకటిలో నాల్గవ వంతు కాలు. పదునాఱవ వంతు వీసము. అఱువదినాల్గవ వంతు ‘కాని’. వీసమెత్తు బంగారమనుట నేటికిని మన నోట నున్నది. ఈ భిన్నములకు తెలుగు లిపిలో ప్రత్యేక చిహ్నములుండెడివి. వ్యాపారుల చిట్టాలలో వ్రాసిన ఆ గీతలను 2008లో యూనికోడు పట్టికలోను చేర్చిరి. ఆ పద్ధతి చేతికి సులువు: గుడ్డనైనను, బెల్లపు అచ్చునైనను, పొలమునైనను సగము చేసి, మరల సగము చేయుట ఎవడైనను చేయగలడు, పది సమభాగములు చేయుట కష్టము. రూపాయికి పదునాఱణాలు, అఱువదినాలుగు పైసలు అను లెక్కయు ఆ నాలుగు వంశముదే. అణా వీసము, పైస కాని. 1956లో తూనికల కొలతల చట్టము వచ్చి, 1957 ఏప్రిలు 1న నయా పైస పుట్టినప్పుడు రూపాయి నూఱు భాగములైనది. ఆనాటితో కాని పోయి సెంటి వచ్చినది. మా అమ్మమ్మ చాలయేండ్ల వఱకు నాలుగణాలనియే అనెడిది.

పైకి పదులు, క్రిందికి నాలుగులు అయినప్పుడు మెట్లు కలియవు. ఎక్కు నిచ్చెన ఒకటి, దిగు నిచ్చెన వేఱొకటి. మెట్రిక్ ఉపసర్గలలో నన్ను మిక్కిలి ముగ్ధుని చేసిన గుణము ఇచ్చటనే యున్నది: అద్దములో ప్రతిబింబమువలె కిలోకు మిల్లీ, మెగాకు మైక్రో, గిగాకు నానో, టెరాకు పికో, కడపట క్వెట్టాకు క్వెక్టో. ఒకటి ఎన్ని మెట్లు ఎక్కించునో, రెండవది అన్ని మెట్లే దింపును. పరమాణువు, త్రసరేణువు అని మనవారు కిటికీ ఎండలో ఎగురు ధూళికణమును చూచి దానికంటె చిన్నదానిని ఊహించిరి. ఆ ఊహ మహత్తరము. అయితే పరమాణువునుండి మల్లన వరుసలోని మహాభూరి వఱకు ఒక్క నిచ్చెన వేయుట వారికి పడలేదు.

మన పోగునే మరల తీసికొనుడు. నూటయేబది డెనియరు పాలియెస్టరు పోగును గోటితో విప్పినచో సాధారణముగా నలువదియెనిమిది సన్నని తంతువులు విడివడును. అందొక్కదాని మందము సుమారు పదునెనిమిది మైక్రోమీటర్లు. దానిని దీపమునకు ఎదురుగా పట్టిన వెండి గీతవలె మెఱసి, కొంచెము కదలిన కనబడకపోవును. వెలుతురు ఒక నానోసెకనులో ముప్పది సెంటీమీటర్లు పోవును. జానకంటె ఎక్కువ, మూరకంటె తక్కువ. శూన్యములో ఆ తంతువు మందమంత దూరము దాటుటకు వెలుతురునకు పట్టు కాలము అఱువది ఫెమ్టోసెకనులు. అంత సూక్ష్మకాలములో అణువులు కలియుట విడుట చూచినందుకు అహమ్మదు జెవైలుకు 1999లో నోబెలు వచ్చినది. దానికి వేయవ వంతగు ఆట్టోసెకనుల వెలుతురు మెఱుపులను సాధించినందుకు 2023లో అగోస్తినీ, క్రౌజు, ఆన్ లూయ్యే అను మువ్వురికి వచ్చినది. సాంచముందు కూర్చుండి తెగిన పోగు అతుకు పిల్లవాని వ్రేళ్ళ నడుమ నున్నది ఈ లోకమంతయు.

చిన్న ఉపసర్గలను అలక్ష్యము చేసిన ఏమగునో మా యింటనే చూచితిని. మా తల్లిగారికి థైరాయిడు మందు దినమునకు యాబది మైక్రోగ్రాములు ఈయవలయును. ఒక ఆసుపత్రినుండి తెచ్చిన చీటిలో తొందరలో వ్రాసినవారు దానిని మిల్లీగ్రాములని వ్రాసిరి. వేయి రెట్లు. మందులకొట్టులోని పిల్లవాడు చీటిని రెండుమార్లు చదివి, “ఇట్లుండదు సార్, మరల అడిగిరండి” అని వెనుకకు పంపెను. ఆ పిల్లవాడు పది దాటి చదువలేదు. వానికి తెలిసినది ఒక్క ఉపసర్గ. అది మా తల్లిగారి ప్రాణమును కాచినది.

5

కడపటగా మన భాష సంగతి. మనలో కొందఱు పెద్దలు ఈ మాటలన్నిటికిని తత్సమములు కల్పింపవలెనందురు. మెగాకు ‘బృహత్’, నానోకు ‘సూక్ష్మాతిసూక్ష్మ’ వంటివి. తత్సమములపై ప్రీతి గలవాడను గనుకనే నేను దీనిని వలదనుచున్నాను. కిలో ఇప్పటికే తెలుగు మాటయైనది; బృహత్ అనగా ఇన్ని సున్నలని ఎవరును ఎవరితోను ఒప్పుకొనలేదు. అట్లు చేసిన మరల అర్బుదములే పుట్టును. ఉపసర్గలను ఉన్నవి ఉన్నట్లే తెలుగు లిపిలో వ్రాసికొందము. కిలో అనగా వేయి, మెగా అనగా పదిలక్షలు, గిగా అనగా శతకోటి, టెరా అనగా లక్ష కోట్లు అని మన పేర్లను వానిప్రక్కన నిలుపుదము. మన పేర్లు పోవలసిన పని లేదు. వానికి స్థిరమైన చోటు దొరకుట చాలును.

వ్రాతలో మాత్రము జాగ్రత్త వలయును. రోమను లిపిలో మిల్లీకి చిన్న ఎం, మెగాకు పెద్ద ఎం. తెలుగు లిపిలో అక్షరములకు పెద్ద చిన్న రూపములు లేవు, ‘మి.వా.’, ‘మె.వా.’ అని పొట్టిగా వ్రాసిన నడుమ నున్న భేదము ఒక్క గుడి, ఒక్క ఎత్వము. ఆ గుడి తప్పిన నూఱు కోట్ల రెట్ల పొరపాటు. కావున పాఠ్యపుస్తకములలోను, కరెంటు బిల్లుల వివరణలలోను, మందుల చీటీలలోను ఉపసర్గను పూర్తిగానే వ్రాయవలయునని నా గట్టి అభిప్రాయము.

ఒప్పందము చేసికొన్న తరువాతను అది దానంతటదే నిలువదు. కంప్యూటరు వ్యాపారమున చిరకాలము కిలో అనగా వేయిన్ని యిరువదినాలుగని వాడుచు వచ్చిరి. కిలోలో ఆ భేదము స్వల్పము. గిగాకు వచ్చుసరికి నూటికి ఏడు, టెరాకు నూటికి దాదాపు పది. కొనినవానికి పెట్టెమీద ఒక అంకె, తెరమీద వేఱొక అంకె. 1998లో అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘము ఆ లెక్కకు కిబి, మెబి, గిబి అను వేఱు పేర్లు ఇచ్చినది. పాత అలవాటు పూర్తిగా పోలేదు. పూర్వపు అర్బుదము గ్రంథములలో నుండెను, ఇప్పటిది జేబులో నున్నది.

నిధి కార్యవర్గమునకు నా విన్నప మొక్కటి. ఈ ఏటి వడ్డీతో మరల సన్మానములు చేయవలదు, శాలువలు కప్పవలదు. ఆ సాయంకాలపు బడి గదిలో, నల్లపలకకు ప్రక్కన, ఇరువదినాలుగు ఉపసర్గలను తెలుగులో పెద్ద అక్షరములతో వ్రాయించి ఒక పట్టిక కట్టుడు. పైన పండ్రెండు, క్రింద పండ్రెండు, నడుమ ఒకటి. పట్టిక క్రింది బల్లమీద రెండు కోనులు ఉంచుడు, 40 నంబరు పత్తినూలు ఒకటి, 150 డెనియరు పాలియెస్టరు ఒకటి. వానిమీది చీటీలు చింపవలదు. వచ్చిన పిల్లవానిని ఏది లావని అడుగుడు. వాడు తప్పు చెప్పిన తరువాత పోగు తీసి పఱచుడు. అది చేసినచో, పేరు వ్రాయకున్నను, మాస్టారు ఆ గదిలో నుందురు.